‘కొంచెమే’ అంటే మేడమ్‌కి ఒళ్లుమంట

గుండెకి చేసే ఎకో పరీక్షలో రక్తం పారే చప్పుడు తడిబట్టను బండకేసి బాదినట్టుంటుంది. ఈ ఉదయం నరసన్నపేటలో, నా ఆసుపత్రి గదిలో ఆ చప్పుడు వింటుంటే సుభద్రమ్మగారు గుర్తొచ్చారు. నేను విజయనగరంలో కొత్తగా డాక్టరు ఉద్యోగంలో చేరినప్పుడు పిల్లల గుండె జబ్బులు చూసే పెద్ద డాక్టరు ఆవిడే. సొంతూరు సాలూరు. మామూలుగా పుస్తకంలా మాట్లాడేవారు, చిరాకొస్తే ఊరి యాస బయటపడేది. ఆవిడకి చిరాకు రాని పూట నేను చూడలేదు.

మా దగ్గరికి నూకరత్నం అనే ఏడేళ్ల పిల్ల వచ్చింది. భోగాపురం అవతల సముద్రపు ఒడ్డున వాళ్ల ఊరు, తల్లి రవణమ్మ చేపలమ్మేది. దగ్గు తగ్గడం లేదని పరీక్ష చేయిస్తే, ఊపిరితిత్తుల్లో రక్తపోటు కాస్త ఎక్కువగా ఉన్నట్టు తేలింది. గుండెలో రంధ్రం లేదు, వేరే కారణమూ దొరకలేదు. మళ్లీ రమ్మన్న నెలలో వాళ్లు రాలేదు. ఫోన్ చేశాను.

“పిల్ల బాగానే ఉన్నాది బాబూ. మా ఊళ్లో డాక్టరుగారు కొంచెమేలే, పర్లేదన్నారు” అంది రవణమ్మ.

ఆ మాట సుభద్రమ్మ మేడమ్‌కి చెప్పాను. “కొంచెమంటే ఏటయ్యా? కొందరికి అదే తగ్గిపోతాది, కొందరికి అలాగే ఉండిపోతాది, కొందరికి సప్పుడు సెయ్యకుండా పెరిగిపోతాది. మళ్లీ సూడకుండా ఈ పిల్లది ఏ దారో ఎలా తెలుస్తాది?” అంటూ కారు తాళాలు తీశారు.

ఆరోజు ఆదివారం, నాకు సెలవు. అయినా నన్నూ కారెక్కించారు. దారి పొడుగునా రోడ్డునీ, రవణమ్మనీ, మధ్యమధ్యలో నన్నూ తిట్టారు. ఇళ్లకెళ్లి పిల్లల్ని పట్టుకురావడానికా నేను ఇంత చదువు చదివింది అని నాకూ మండిపోయింది.

ఒడ్డున పిల్లలంతా అలల వెంట పరిగెడుతున్నారు. రత్నం ఒక్కతే పడవ నీడలో కూర్చుంది. “మా పిల్ల నెమ్మదండీ, పరుగులాటలకి పోదు” అంది తల్లి మురిపెంగా.

మేడమ్ పట్టుచీరతోనే ఇసుకలో చతికిలబడ్డారు. “ఎందుకే ఆడవు?”

“పరిగెడితే కళ్లు తిరుగుతాయి. అమ్మకి సెప్పలేదు. సెప్తే సూదులేయిస్తాది.”

మేడమ్ ఎవరినీ తిట్టలేదు. అప్పుడే నాకు భయమేసింది. “రవణమ్మా, పిల్లని తీసుకుని కారెక్కు” అన్నారంతే.

ఆసుపత్రికి తెచ్చి మళ్లీ పరీక్ష చేస్తే, ఊపిరితిత్తుల్లో రక్తపోటు బాగా పెరిగింది. గుండె కుడివైపు గది ఉబ్బడం మొదలైంది. విశాఖపట్నం పంపి, మందులు మొదలుపెట్టించాం. జబ్బు పోలేదు, కానీ అక్కడే ఆగింది. రత్నం ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, రోజూ మాత్రలు వేసుకుంటుంది, మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగుతుంది. మేడమ్ పోయిన వార్త నాకు ఫోన్ చేసి చెప్పింది తనే. “ఇంక నన్నెవరు తిడతారండీ?” అని ఏడ్చింది.

పిల్లల్ని తెచ్చిన పెద్దవాళ్ల కంటే ముందు ఇప్పుడు నేను పిల్లల్నే అడుగుతాను, పరిగెడితే ఎలా ఉంటుందని. జవాబు వచ్చేదాకా ఆగుతాను. మళ్లీ పరీక్షకి రానివాళ్లకి ఫోన్లు చేస్తాను, విసుక్కుంటారు. నిన్న శృంగవరపుకోట నుంచి ఒకాయన, “ఏటండీ, మీకు వేరే పనేం లేదా?” అని కసిరాడు.

లేదన్నాను.