వసుంధర ఆంటీ నేర్పిన బీరు

వేడినీళ్ళలో మర పట్టిన బార్లీ పోసి తెడ్డు తిప్పగానే మా గరాజ్ అంతా ఒక వాసన లేస్తుంది. అప్పుడే దించిన రాగి మాల్ట్‌లో కాలిన రొట్టె అంచులు విరిచి వేసినట్టుంటుంది. అమెరికాలో మేముండే అరోరాలో ఏప్రిల్ వచ్చినా చలి వదలదు. తలుపు సగం ఎత్తి, స్వెటర్ చేతులు పైకి మడుచుకుని, ఆవిరిలోకి ముఖం వంచి ఆ వాసన పీలుస్తాను. పీల్చిన ప్రతిసారీ అది ఎలా ఉందో మాటల్లో చెప్పుకుంటాను. ఆ అలవాటు నాకు వసుంధర ఆంటీ వల్ల వచ్చింది.

ఆవిడ మాకు రెండిళ్ళ అవతల ఒంటరిగా ఉండేవారు. పుట్టింది తెనాలి దగ్గర. ఇక్కడ ఒక బ్రెడ్ కంపెనీ ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. తెల్లజుట్టు మెడ దాకా కత్తిరించుకుని, రబ్బరు బూట్లు వేసుకుని, శనివారాలు గరాజ్‌లో బీరు చేసేవారు. మా తెలుగువాళ్ళు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో దీని గురించి గుసగుసలు నడిచేవి. "ఆ వయసులో ఇదేం హాబీ ఆంటీకి" అనేవారు. చేతిలో సీసా ఉన్నవాళ్ళే ఎక్కువగా అనేవారు.

మా ఆయన కిరణ్‌కి ఆఫీసులో ఎవరో బీరు కిట్ బహుమతిగా ఇచ్చారు. డబ్బాలో తేనెలాంటి చిక్కటి పాకం, ఒక ఈస్ట్ పొట్లం. పాకాన్ని వేడినీళ్ళలో కరిగించి, చక్కెర కలిపి, ఈస్ట్ చల్లి మూతపెడితే కొన్ని వారాల్లో బీరు తయారవుతుంది. కిరణ్ దాన్ని తెరవకుండానే మర్చిపోయాడు. నేను అప్పుడు హెచ్-4 వీసా మీద, ఉద్యోగం చేసే అనుమతి లేకుండా ఇంట్లో ఉన్నాను. ఏదో ఒక పని మొదటి నుంచి చివరిదాకా నా చేతుల్లో పూర్తికావాలని ఆరాటంగా ఉండేది. ఆ డబ్బా తెరిచాను. తయారైన బీరు సీసా ఒకటి పట్టుకుని ఆంటీ ఇంటికి వెళ్ళాను.

ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టారు. "ఇది నువ్వు చేసిందా, డబ్బా చేసిందా?"

నా ముఖం మాడిపోయింది. "కలిపింది నేనే ఆంటీ."

"సరే. తీపీ పులుపూ నాలిక్కి తెలుస్తున్నాయి. వాసనేంటో నువ్వు చెప్పు."

"బాగా ముగ్గిన అరటిపండు లాగా ఉంది."

"ఎక్కడ పెట్టి పులియబెట్టావ్?"

"బేస్‌మెంట్‌లో, ఇంటి హీటర్ పక్కన."

"అదీ సంగతి. వేడెక్కిపోయింది. శనివారం పొద్దున్నే రా, గింజల నుంచి చేద్దాం."

గింజల నుంచి అంటే పాకం కూడా మనమే తీయాలి. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మర పట్టి, నూట యాభై రెండు ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర నీళ్ళలో గంటసేపు నానబెడితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్ళు వడగట్టి, హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగించి, చల్లార్చాకే ఈస్ట్ వేయాలి. వేడి తగ్గకుండా నానబెట్టడానికి ఆంటీ దగ్గర అడుగున జల్లెడ, పక్కన కుళాయి బిగించిన పెద్ద ఐస్ బాక్స్ ఉండేది. మొదటి రోజు మర నేనే తిప్పాను. మెత్తగా ఆడితే మంచిదనుకుని పిండి చేసేశాను. గంట తర్వాత కుళాయి తిప్పితే చుక్క రాలేదు. లోపలంతా మైదా జిగురులా అతుక్కుపోయింది.

"డబ్బాయే నయం ఆంటీ," అన్నాను.

"డబ్బా ఎక్కడికీ పోదు, స్టోర్‌లోనే ఉంటుంది. ఇవాళ ఇది దిగాలి." అంటూ షెల్ఫ్ మీద నుంచి ఒక సంచి లాగారు. చూస్తే వరి ఊక!

"అమెరికాలో ఊక కూడా అమ్ముతారా?"

"అమ్ముతారు. నీలా మర తిప్పేవాళ్ళు ఇక్కడా ఉంటారుగా."

జిగురు విడిపోయి నీళ్ళు దిగేలా పిడికిళ్ళతో ఊక చల్లి, అడుగు నుంచి కలిపాం. నా జబ్బలు పట్టేశాయి. ఆవిడ తెడ్డు ఆపనివ్వలేదు. చాలాసేపటికి కుళాయి నుంచి సన్నటి ధార మొదలైంది. ఆ బీరు పలచగా వచ్చింది. అయినా అది నేను చేసిన బీరు.

ఆ చలికాలంలో ఒకరోజు ఆంటీ ఇంటి తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేసరికి ఇల్లంతా మాడు కంపు. స్టవ్ మీద పాలు ఇగిరిపోయి గిన్నె నల్లబడుతోంది. ఆవిడ పక్క గదిలోనే పుస్తకం చదువుకుంటున్నారు. నేను పరుగెత్తి స్టవ్ ఆపాను. ఆవిడ వచ్చి మాడిన గిన్నెని సింక్‌లో పెట్టారు.

"జ్వరం వచ్చి తగ్గింది, రెండేళ్ళయింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. ల్యాబ్‌లో నా ఉద్యోగమే వాసన చూడటం, సుధా. మా బీరు క్లబ్‌లో ఎవరికీ చెప్పలేదు." తర్వాత నెమ్మదిగా అడిగారు. "నీకు పని నేర్పుతాను. నాకు వాసన చెప్తావా?"

ఒప్పుకున్నాను. కానీ ఎవరింట్లో ఏం పెట్టినా బాగుందనే అనాలని పెంచిన ఇంటి పిల్లని నేను. ఆ వేసవిలో ఆవిడ బీరు చేసే క్లబ్ వాళ్ళు పార్కులో కలుస్తున్నారు. జ్వరం తర్వాత మొదటిసారి ఆంటీ తన బీరు తీసుకెళ్ళాలనుకున్నారు. ముందురోజు సీసా తెరిచి నా చేతికిచ్చారు. కుళ్ళిన గుడ్డు వాసన సన్నగా, స్పష్టంగా తగిలింది. ఆవిడ నా ముఖంలోకే చూస్తున్నారు.

"బాగుంది ఆంటీ," అన్నాను.

పార్కులో అందరూ ఒక్కో గుక్క తాగి, మర్యాదగా నవ్వి, గ్లాసులు గడ్డిలో పెట్టేశారు. చివరికి ఒక పెద్దాయన ఆవిడని పక్కకి పిలిచి విషయం చెప్పాడు. తిరిగి ఇంటికొచ్చాం. కారు ఆపాక ఆంటీ అడిగారు.

"నీకు నిన్ననే తెలుసా?"

"తెలుసు ఆంటీ."

"నేను కళ్ళకి గంతలు కట్టుకుని నీ చెయ్యి పట్టుకున్నాను. ఎదురుగా గోడ ఉందని చెప్తే బాధపడతానని ఊరుకున్నావు."

తర్వాత వరుసగా ఎన్నో శనివారాలు ఆవిడ గరాజ్ తలుపు లేవలేదు. క్షమించమని మెసేజ్ టైప్ చేసి, చెరిపేశాను. మాటలతో అయ్యే పని కాదనిపించింది. సొంతంగా ఒక ఐస్ బాక్స్ కొన్నాను. కిరణ్ దానికి కుళాయి బిగించాడు. గింజలు మర పట్టడం దగ్గర నుంచి సీసాల్లో నింపడం దాకా మొదటిసారి ఒక్కదాన్నే చేశాను. నెల పైన పట్టింది. తెరిచి వాసన చూస్తే ఏడుపొచ్చింది. అయినా సీసాకి కాగితం చుట్టి ఆవిడ గుమ్మంలో పెట్టాను. "మొక్కజొన్న పొత్తులు ఉడికించిన నీళ్ళ వాసన. బాగోలేదు. సుధ" అని రాశాను.

మర్నాడు ఫోన్ మోగింది. పలకరింపు లేదు. "మూత పెట్టి మరిగించావా?"

"గాలి ఎక్కువగా ఉందని పెట్టాను ఆంటీ."

"మూత తీసి మరిగించు. ఆ వాసన ఆవిరితోపాటు పోవాలి. శనివారం రా."

మరుసటి వేసవికి ముందు మేమిద్దరం చేసిన బీరు తెరిచాను. తడిసిన అట్టపెట్టె వాసన. ఆవిడ కళ్ళలోకి చూసి చెప్పాను. "ఇది తీసుకెళ్ళలేం ఆంటీ." ఐదు గాలన్లు ఆవిడే స్వయంగా తూములో పారబోసి, బూట్లు వేసుకుని, మళ్ళీ నీళ్ళు కాచారు. ఆ రెండో బీరుతో పార్కుకి వెళ్ళాం. "నాకు వాసన తెలీదు. ఈ అమ్మాయి చెప్తుంది, నేను వింటాను" అని ఆవిడే అందరి ముందూ చెప్పారు. ఎవరూ జాలిపడలేదు. ఖాళీ గ్లాసులతో మళ్ళీ మా దగ్గరికే వచ్చారు.

ఆంటీ ఇప్పుడు దూరంగా ప్లేనో అనే ఊళ్ళో వాళ్ళక్కగారి దగ్గర ఉంటున్నారు. నాకు వర్క్ పర్మిట్ వచ్చింది, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. రిలీజ్ రోజున గదిలో అందరూ "రెడీ" అనిపించుకోవాలని చూస్తుంటే, రెడీ కానిదాన్ని కాలేదనే చెప్తాను. ఏం తప్పిందో, ఎక్కడ తప్పిందో కూడా చెప్తాను. అంతవరకూ చెప్పకపోతే సగమే చెప్పినట్టని ఆవిడ దగ్గరే తెలిసింది.

పోయిన ఆదివారం ఫోన్ చేశారు. "కొత్తది తెరిచావా?"

"తెరిచాను. వాసన మంచిదే. తాగితే మాత్రం నీళ్ళలా ఉంది ఆంటీ. థర్మామీటర్ చూడకుండా, నీళ్ళు చాలినంత వేడెక్కకముందే పోసేశాను."

"మరి?"

"గింజలు తెచ్చాను. శనివారం మళ్ళీ మొదలుపెడుతున్నా."