రాములవారి ఇంటికి నా ఆధార్ కార్డు

కైకేయి రాములవారిని అడవికి మాత్రమే పంపింది. నేను అంతకంటే ఘనుణ్ణి. ఆయన్ను సర్కారు లెక్కల్లో నా ఇంట్లో కాపురం పెట్టించి, కట్టుకున్న భార్యకు ఇల్లు లేకుండా చేయబోయినవాణ్ణి. ఆ ఘోరం ఎట్లా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి గానీ మధ్యమధ్య "రామ రామ" అంటూ ఉండండి, పుణ్యమైనా దక్కుతుంది.

మాది కొనకనమిట్ల వైపు ఒక మెట్టపల్లె. పగలు మార్కాపురంలో పలకల పని, సాయంత్రమైతే భజన. మా రామమందిరానికి స్లాబు పడ్డాక, కరెంటు మీటరు ఎవరి పేరున పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. భజన సమాజం పెద్దలంతా ఒక్కసారిగా తలలు వంచుకుని చిడతలు సరిచేసుకోసాగారు. నేను ఛాతీ ముందుకు తోసి లేచాను.

"నా పేరున పెట్టండి. ఇంటి పన్ను కూడా నా పేరనే ఎక్కించండి. ఉడుత ఇసుక మోసింది, ఈ కేశవులు ఆధార్ కార్డు మోస్తాడు!"

చప్పట్లు మోగాయి. ఆ పూట హారతి పళ్లెం అందరికంటే ముందు నా దగ్గరికే వచ్చింది. ఇంటికి నడిచి పోయానో, తేలిపోయానో నాకే తెలియదు.

తాను దూర సందు లేదు, మెడకో మందిరం! ఎందుకంటే మేముండేది అద్దె గది. సగం గోడకు అటు ఇంటాయన మేకలు, ఇటు మేము. ఒకనాడు మేకపోతు గోడ మీదుగా తల పెట్టి, నా భార్య రాములమ్మ పెళ్ళి చీర కొంగు తీరిగ్గా నమిలేసింది.

"అద్దె కడతాండేది మనం, దర్జా మాత్రం దానిది" అని ఆమె కళ్ళు తుడుచుకుంది.

అందుకే పేదల ఇళ్ళకు పేర్లు రాసుకుంటున్నారని తెలియగానే అందరికంటే ముందు పోయి నిలబడింది. సొంత ఇల్లు ఉండకూడదు, కారు ఉండకూడదు, సర్కారు ఉద్యోగం ఉండకూడదు, కరెంటు ఎక్కువ కాలకూడదు. "లేనోళ్ళ పరీక్షలో మనకు నూటికి నూరే" అని నేను మీసం తిప్పాను.

దేవుడు వరమిచ్చినా కంప్యూటరు ఇవ్వలేదు.

ఇళ్ళు తనిఖీ చేసే సచివాలయం అమ్మాయి ఫోను పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. "కేశవులన్నా, మీరు అనర్హులు. మీకు పక్కా ఇల్లుంది."

"ఏంది మేడం, ఈ మేకల దొడ్డా?"

"ఇది గాదు. ఊళ్ళోనే స్లాబు ఇల్లు. కరెంటు గూడ హద్దు దాటింది. ఏసీలు పెట్టినారా ఏంది?"

రాములమ్మ చెరుగుతున్న చేట ఆపింది. "స్లాబు ఇల్లా? ఏసీలా? ఏందయ్యా, దాంట్లో ఎవుర్ని పెట్టినావు?"

నిజం చెప్పడం నా వ్రతం కదా. "సీతమ్మను" అన్నాను.

చేట గాల్లోకి లేచింది.

"రాములవారి తోడే! ఆ సీతమ్మే! మొగుడు, మరిది గూడ ఆయమ్మతోనే ఉండారు!" అని అరుస్తూ మందిరం దాకా పరిగెత్తాను. వెనక చేట, దాని వెనక మేడం.

మేడం చెప్పులు విడిచి, దండం పెట్టి, చుట్టూ చూసింది. "కరెంటు ఎందుకన్నా అంత కాల్తాంది?"

"నామ సప్తాహం మేడం. ఏడు దినాలు, రాత్రీపగలూ, మైకూ లైట్లూ. పుణ్యం బాగుందని నెలకొకటి పెడతాండాం."

"నాకూ భక్తి ఉంది, కంప్యూటరుకు లేదు. మీటరూ పన్నూ ఇంకొకరి పేరుకు మార్చమని అర్జీ పెట్టి, రసీదు తెచ్చియ్యండి. సోమవారం జాబితా పైకి పోతాది. ఆ తర్వాత నా చేతిలో లేదు."

రాములమ్మ చేట దించింది. "సోమవారానికి రసీదు రాకుంటే నువ్వీడనే ఉండు. ఆంజనేయుడితో కలిపి నలుగురుండారు గదా, అయిదో మనిషికి తావు చూస్తార్లే."

ఆ సాయంత్రం భజనలో "సర్వమూ నీదే రామా" అని అందరూ కన్నీళ్ళతో పాడాక, మెల్లగా సంగతి బయటపెట్టాను.

హార్మోనియం వీరయ్య మామ గొంతు సవరించుకున్నాడు. "అల్లుడా, నా కోడలు గూడ సర్కారు ఇంటికి పేరు రాసిచ్చింది. దాని నోటికాడ కూడు తీయమంటావా?"

మద్దెల రంగన్న కళ్ళు మూసుకున్నాడు. "ఈ దేహమే అద్దె కొంప, కేశవులూ. ఇంకో కొంప నాకెందుకు?"

సమాజం అధ్యక్షుడు అందరికంటే ఘనుడు. "రాములవారు ఏరికోరి నిన్నే ఎంచుకున్నాడప్పా. నేను మధ్యలో వస్తే మహాపాపం."

లంకకు వారధి కట్టడానికి అన్ని కోతులు దొరికాయే స్వామీ, ఒక్క మీటరు మోయడానికి మనిషి దొరకడా అని ఏడ్చాను.

దొరికాడు. ఆదివారం పొద్దున పిచ్చయ్య సారు మా వాకిట్లో నిలబడి ఉన్నాడు. మందిరం వెనకిల్లే ఆయనది. రిటైరైన సైన్సు సారు, పచ్చి నాస్తికుడు. మందిరం ముందు నుంచి పోవాల్సి వస్తే గొడుగు అడ్డం పెట్టుకునే మనిషి.

"ఏరా, ఆ మీటరు నా పేరున రాయి. నాకు ఇల్లుంది, కారుంది, పింఛనుంది. ఏ జన్మకూ సర్కారు ఇంటికి అర్హుణ్ణి గాను. నాకేం నష్టం?"

"మీరు జన్మలు నమ్మరు గదా సార్?"

"నోరు మూసుకోని సంతకం పెట్టు!"

నేను కాళ్ళ మీద పడ్డాను. "మిమ్మల్ని రాములవారే పంపినాడు సార్!"

"నీ రాములవారు గాదు, నీ రాములమ్మ. తెల్లారకముందే వచ్చి నా గడప మీద కూచుంది. ఒప్పుకుంటే గాని లేవనంది."

సోమవారం పొద్దున్నే రసీదు అందింది, రాములమ్మ పేరు జాబితాలోకి ఎక్కింది. ఆ సంతోషంలో సాయంత్రం రెట్టింపు మైకు పెట్టించి భజన మొదలుపెట్టాను. పాట ఊపందుకునే వేళకు పిచ్చయ్య సారు మందిరంలోకి అడుగుపెట్టాడు. జన్మలో మొదటిసారి! చిడతలు ఆగిపోయాయి. నాస్తికుడు మారాడని అధ్యక్షుడు స్వామి మెడలో దండ తీసి ఆయన మెడలో వేయబోయాడు. సారు దండను తప్పించుకుని, తిన్నగా గోడకున్న మీటరు దగ్గరికి పోయి ఫ్యూజు పీకేశాడు.

"ఇది నా ఇల్లు" అన్నాడు చీకట్లోంచి. "మీ రాములవారితో నాకేం పేచీ లేదు. మంచి కిరాయిదారు, నోరెత్తడు. ఆయన చుట్టాలతోనే నా బాధంతా. పోండి, పోయి పడుకోండి."

నాటి నుంచి మా భజన మైకు లేకుండా, గొంతుతోనే సాగుతోంది. పన్ను రసీదు ఏటా నాస్తికుడి పేరునే వస్తోంది. ఇది స్వామి లీల కాక మరేమిటి?

కాబట్టి భక్తులారా, పానకం బిందె సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: స్వామికి తల ఇస్తాను, గొంతు ఇస్తాను, ప్రాణమైనా ఇస్తాను. కానీ సాక్షాత్తూ ఆ కోదండరాముడే విల్లు పట్టుకుని ఎదుట నిలిచి అడిగినా సరే, రాములమ్మను అడగకుండా ఆధార్ జిరాక్సు మాత్రం ఇవ్వను.