చింతపండు మాట

"రేపు పప్పుచారుల చింతపండు తక్కువెయ్యి. పోయినసారి పండ్లు గుంజినయి."

"గుంజెతందుకు నీకు పండ్లెన్ని మిగిలినయి? నోరు మూసుకొని రా."

మా ఆయనా నేనూ ఆఖరిసారి మాట్లాడుకున్నది ఇదే. ఫోన్‌లో. ఇద్దరం గల్ఫ్‌కు వచ్చినవాళ్లమే. ఆయనది సమాయిల్ దగ్గర బిల్డింగు సైట్, నాది బౌషర్‌లో ఒక ఇంట్లో వంటపని. ప్రతి శుక్రవారం కంపెనీ బండిలో వచ్చి నా రూమ్‌లో అన్నం తిని పోయేవాడు. ఆ గురువారం ఫోన్ పెట్టేసి డ్యూటీ ఎక్కాడు, గుండె ఆగిపోయింది. నేనేమో నవ్వుకుంటూ మరునాటికి కందిపప్పు ఏరుతున్నాను.

ఇది రాస్తున్నది నా చెల్లెలి బిడ్డ. ఇక్కడే ఆస్పత్రిలో నర్సు. ఊరికి పోయి, దినాలు చేసి, నేను మళ్లీ పనికి వచ్చాక ఒక పుస్తకం తెచ్చింది. దుఃఖంలోంచి మనిషి ఎట్లా తేరుకోవాలో చెప్పే పుస్తకమట. సెలవు రోజున చదివి వినిపిస్తుంది. మంచి మాటలే ఉన్నాయి. ఏడుపు వస్తే ఆపుకోవద్దంది. మేడమ్ చూస్తుందని అప్పటిదాకా నేను ఉల్లిగడ్డలు కోసేటప్పుడే ఏడ్చేదాన్ని.

ఒకచోట మాత్రం, పోయినవాళ్లతో ఆఖరున కటువుగా మాట్లాడి ఉంటే మనల్ని మనం క్షమించుకోవాలి, మనసులోది కాగితం మీద పెట్టాలి అని ఉంది. పిల్ల నా వైపు జాలిగా చూసింది.

"పెద్దమ్మా, నువ్వు చెప్పు, నేను రాస్త."

చెప్పాను. రాసింది. నాకు చదువు రాదు గానీ, చింతపండు పొట్లం మీది అక్షరాలు చూసి చూసి గుర్తు. కాగితమంతా వేలు పెట్టి వెతికాను. ఆ మాట లేదు.

"ఏం రాసినవే?"

"'జాగ్రత్తగా రా' అన్నవని రాసిన. నీ మనసు నిమ్మలమైతదని..."

"నేనెప్పుడన్న గట్లన్ననా? గట్లంటే మీ పెద్దబాపు రాంగ్ నంబర్ అని ఫోన్ పెట్టేస్తుండె!"

పిల్ల నవ్వింది. తర్వాత ఏడ్చింది.

మా ఇద్దరికీ ముద్దుమాటలు రావు. ఆయన వంక పెట్టాలి, నేను తిట్టాలి. ఆ తిట్లు తినడానికే ఎండలో అంత దూరం వచ్చేవాడు. పుస్తకం రాసినవాళ్లకు మనుషుల సంగతి చాలా తెలుసు, మా కాపురం సంగతి తెలియదు. అందులో క్షమించుకోవడానికి ఏముంది? ఆ మాటను మెత్తగా చేస్తే, నాతో బతికినవాడు ఇంకెవరో అయిపోతాడు.

అందుకే మళ్లీ మొదటినుంచి చెప్పాను. అయిపోయింది బిడ్డా. ఏదీ, ఒకసారి చదివి వినిపియ్యి. పండ్ల మాట కాడ గొంతు తగ్గించకు.