రెండు తలల కానుగ

పోయిన వారం గాలివానకు మధురానగర్‌లో మా ఇంటి ముందున్న కానుగ చెట్టు నిలువునా రెండుగా చీలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, సగం చెట్టు రోడ్డుకు అడ్డంగా పడి, పొద్దున్నే హాస్టల్ పిల్లల కోసం వచ్చే టిఫిన్ బండికి కూడా దారి లేకుండా పోయింది. మిగిలిన సగం కూడా నిలవదని చెట్లు కొట్టేవాళ్లు రంపం తీసినప్పుడు, మా అమ్మాయి లోపలికి రమ్మని ఎంత పిలిచినా నేను గేటు దగ్గర నుంచి కదల్లేకపోయాను.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, పంజాగుట్టలో ఇన్ని మాల్స్ లేని రోజుల్లో ఖాళీ జాగా అద్దెకు తీసుకుని మొక్కలు పెంచి అమ్మడం కూడా ఒక బతుకుదెరువే. మా మామగారు అలాంటి నర్సరీ నడిపేవారు. కాపురానికి వచ్చిన నెలకే నన్నూ ఆ పనిలో దింపారు. ఇంటర్ చదివిన పిల్లను మట్టి పిసకమంటారేమిటని నాకు కోపం వచ్చిన మాట నిజం, ఆ కోపం పది రోజులు కూడా నిలవని మాటా నిజమే. మొక్క కవరు విప్పితే వేళ్లు తాడు చుట్టినట్టు చుట్టుకుని ఉంటాయని, అలాగే పాతితే నేలలోకి పోక తమ చుట్టూ తామే తిరిగి చివరికి చెట్టు గొంతే బిగిస్తాయని, అందుకే కత్తితో నాలుగు పక్కలా గాటు పెట్టి పాతాలని ఆయనే నేర్పారు. కర్రకు బిగించి కట్టనిచ్చేవారు కాదు, గాలికి ఊగితేనే కాండం గట్టిపడుతుందట. రెండు మొనలూ సమానంగా పైకి పోయే మొక్కను ఆయన 'రెండు తలలది' అనేవారు, పెద్దయ్యాక నడుమకు చీలుతుందని ఒక తల కత్తిరించందే దాన్ని గేటు దాటనిచ్చేవారు కాదు.

పెళ్లయిన ఏడాదికి కడుపుతో ఉన్నాను, నాలుగో నెలలో పోయింది. ఆ రోజు పొద్దంతా నేను కొమ్మలు కత్తిరిస్తూనే ఉన్నాను. అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు గాని, కడుపుతో ఉన్న మనిషి పచ్చికొమ్మ మీద ఇనుము పెట్టకూడదని ఆమె నమ్మకం, నా కత్తెర దాచేసింది. మళ్లీ నెల తప్పినప్పుడు నర్సరీకి పోయి ఊరికే కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం మామగారు రెండు తలల కానుగ ఒకటి ముందు పెట్టుకుని కత్తెర తెరిచారు. నాకేమైందో తెలియదు, లేచి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. కోడలు మామ చెయ్యి పట్టుకునే ఇల్లు కాదు మాది. రెండింటినీ ఉండనిమ్మని ఏడుస్తూ అడిగాను.

ఆయన కత్తెర మూసి పక్కన పెట్టారు. "సరే బిడ్డా, ఉండనీ. దీన్ని ఎవలకి అమ్మొద్దు, మన ఇంటి ముంగట పెట్టుకుందాం. నేను చూసుకుంట, నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నారు.

అలాగే పెట్టారు. నెలలు నిండి మా అమ్మాయి పుట్టింది. ఆ తర్వాత ఏటా వానలకు ముందు ఆయన నిచ్చెన ఎక్కి, ఒక తలను మాత్రం తగ్గించి దిగేవారు, అది వెనకబడితే రెండోది పెద్దరికం తీసుకుంటుందని. నేను వంటింట్లో ఉన్న వేళ చూసి ఎక్కేవారని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. ఆయన పోయాక ఆ నిచ్చెన ఎవరూ ఎక్కలేదు. ఎక్కమని నేనూ చెప్పలేదు. ఆ చెట్టును కొయ్యమని నా నోటితో ఎలా చెప్పనని ఏటికేడు దాటవేశాను, అది నా తప్పే.

చీలిన చోటు చూపిస్తూ రంపం పట్టినతను, "చూడమ్మా, నడుమ బెరడే ఉన్నది, అతుకే లేదు. చిన్నగున్నప్పుడే ఒకటి కోసేస్తే అయిపోతుండె. ఎవడో పని తెల్వనోడు పెట్టిండు," అన్నాడు. అతను ఉన్న మాటే అన్నాడు, నేను మాత్రం ఊరుకోలేకపోయాను. "పని తెలిసినాయనే పెట్టిన్రు బిడ్డా, నేను ఏడిస్తే ఆగిన్రు," అన్నాను. రంపం చప్పుడులో విన్నాడో లేదో.

ఇప్పుడు బంజారాహిల్స్‌లో మేడంత చెట్లు లారీల్లో వచ్చి దిగుతున్నాయి, నీడ కూడా ఒక్క రోజులో కొనుక్కోవచ్చు. మంచిదే, కాదనను. పని తెలిసినవాళ్లు మునుపటికంటే ఎక్కువే ఉంటారు. రేపు తనకే చెడ్డపేరు వస్తుందని తెలిసి కూడా, ఇంటి పిల్ల ఏడుస్తోందని తన పనితనాన్ని పక్కన పెట్టిన మనిషి మాత్రం నాకు మళ్లీ కనబడలేదు.