ముసలోడు కదిలిన రోజు

మొన్న మా మనవడు ఎక్కడినుంచో ఒక బండి అద్దెకు తెచ్చి ఇంటిముందు ఆపాడు. లోపల మంచం, పొయ్యి, చేతులు కడుక్కోవడానికి చిన్న తొట్టి కూడా ఉన్నాయి. అందులోనే తింటూ, అందులోనే పడుకుంటూ అరకు దాకా వెళ్తారట. నన్ను చెయ్యి పట్టి ఎక్కించి, ఆ మంచంమీద కూర్చోబెట్టి, ఇలాంటిది ఎప్పుడైనా చూశావా మామ్మా అన్నాడు. చూశానురా అన్నాను. వాడు నమ్మలేదు. నమ్మేవాళ్ళు, నా ఈడువాళ్ళు, ఇంకా ఎక్కడైనా ఉంటే వాళ్ళకోసమే ఇది చెబుతున్నాను.

రెండో ప్రపంచయుద్ధం ముగిసి, మిలటరీవాళ్ళు తమ సరంజామా వదిలించుకుంటున్న రోజులవి. నేను అనకాపల్లికి కొత్తకోడలిని. మా ఆయన లారీలు బాగుచేసే షెడ్డులో పనిచేసేవారు. మా పెరటిగోడ పక్కనే ఆ షెడ్డు; దాని వెనక, గాయపడ్డ సిపాయిలను పడుకోబెట్టి తీసుకువెళ్ళే వ్యాను ఒకటి వానకు నాని, తుప్పుపట్టి, పిచ్చిమొక్కల మధ్య కూలబడి ఉండేది. నడిపించుకోగలిగితే వాడుకోండి అన్నాడు యజమాని.

మాకది కావలసివచ్చింది మా మామగారికోసం. బెల్లం వండే చోట జారిపడి, తుంటి విరిగి, ఆయన కూర్చోలేని స్థితిలో మంచం పట్టారు. మాకవరపాలెంలో ఉన్న ఆయన అక్కగారికి, తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషికి, చూపు మసకబారుతోంది. పూర్తిగా పోయేలోగా తమ్ముడి ముఖం ఒకసారి చూడాలని కబురుమీద కబురు. ఎడ్లబండిలో తీసుకువెళ్ళబోతే, ఊరు దాటకముందే ఆయన పెట్టిన కేకలకు వెనక్కి తిప్పేశాం. ఆ వ్యానులో అయితే స్ప్రింగులమీద బిగించిన పడకలున్నాయి.

నేను బడిలో చదివింది తక్కువ. కాని మా ఆయన గ్రంథాలయంనుంచి తెచ్చే పుస్తకం ఏదైనా, గ్రహాల సంగతైనా, పురుగుల సంగతైనా, అట్టనుంచి అట్టదాకా చదివేదాన్ని. ఆ రోజుల్లోనే యంత్రాలమీద తెలుగులో రాసిన పుస్తకం ఒకటి దొరికింది. అందులో పిస్టనుకు ముషలకం అని పేరు. ఆ మాట నాకెంత నచ్చిందంటే, ఇంజను విప్పుతున్న మా ఆయనకూ, ఆయనకు సాయం వచ్చే తాళాల సాయిబుగారికీ మజ్జిగ ఇస్తూ, పిస్టను అనకండి, ముషలకం అనండి అని చెప్పాను. సాయిబుగారు నన్ను చెల్లీ అనీ, అందుచేత మా ఆయన్ని బావా అనీ పిలిచేవారు.

"ముసలకవా? ముసలోడందాం సెల్లీ, నోరు తిరుగుతాది," అన్నారు.

అంతే, ఇంజనులో తుప్పుకు బిగుసుకుపోయిన పిస్టన్లు నాలుగూ నలుగురు ముసలోళ్ళయ్యారు. ముగ్గురు కిరసనాయిలుకు మెత్తబడి కదిలారు. నాలుగోవాడు మొరాయించాడు. పులిసిన చెరుకురసం పోసి నానబెట్టమని పెరట్లో మంచంమీదనుంచి మామగారు చెప్పారు. తుప్పుపట్టిన బెల్లపు పెనాలు ఆయన అలాగే బాగుచేసేవారట. తుప్పు వదిలింది కాని వాడు వదల్లేదు. ఇనపకడ్డీ పెట్టి కొడితే పగలొచ్చు, పగిలితే అలాంటిది మరొకటి దొరకదు. ఆ రోజే మాకవరపాలెంనుంచి వచ్చిన ఒకాయన, ముసలావిడ మనుషుల్ని గొంతునుబట్టే పోల్చుకుంటోందని చెప్పివెళ్ళాడు. మా ఆయన సుత్తి పక్కన పడేసి కూర్చున్నారు.

ఏదో ఒకటి మాట్లాడాలని, ముసలం అంటే రోకలనీ, రోకలిలా పైకీ కిందకీ ఆడుతుంది కనకే ముషలకానికి ఆ పేరనీ పుస్తకంలో చదివింది చెప్పాను. సాయిబుగారు చటుక్కున లేచారు.

"మరైతే రోకలే తే సెల్లీ!"

చేవదేరిన కర్ర ఇనుములా గాయం చెయ్యదు, దెబ్బకు విరగదు. మా అత్తగారు బియ్యం దంపే రోకలి తెచ్చి ఇచ్చాను. దాన్ని సూటిగా నిలబెట్టి పట్టుకుని సాయిబుగారు గట్టిగా అరిచారు.

"బావా! రోకలి ముసలోడి నెత్తిమీదెట్టేను. కొట్టు! ఈ దెబ్బతో ఆడి పని అయిపోవాల!"

గోడ అవతలనుంచి మామగారి కేక వినబడింది. "ఓరి నాయనో! నన్నేటి సేత్తార్రా? రోకలెవులిచ్చేరు?"

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కోడలు మామగారి ఎదుట నిలబడి మాట్లాడటమే తప్పుగా ఎంచే రోజులవి. తలుపు చాటునుంచి, తల వంచుకుని, ముషలకం సంగతంతా ఆయనకు చెప్పుకున్నాను. మంచం పట్టాక మొదటిసారి ఆయన నవ్వారు, తుంటి అదరకుండా రెండు చేతులతో అదిమిపట్టుకుని మరీ నవ్వారు.

"అయితే కొట్టమనమ్మా. ఆడు కదిలితేనే గదా నేను కదిలీది."

కొట్టగా కొట్టగా కదిలాడు.

వ్యాను మాకవరపాలెం చేరాక మామగారు పడక దిగలేదు, అక్కగారినే వ్యానులోకి ఎక్కించాం. ఆవిడ ఆయన ముఖంలో ముఖం పెట్టి చూసి, చాలక చేతులతో తడిమి, "నువ్వూ ముసలోడివైపోనావేట్రా," అంది. సాయిబుగారు మొదలుపెట్టారు, ఆ వెంటనే మామగారు, తరవాత మేమందరం పడీపడీ నవ్వాం. ఎందుకో తెలియకపోయినా, కళ్ళు తుడుచుకుంటూ ఆవిడా నవ్వింది.

మనవడి బండికి చప్పుడే లేదు. ఇంజను మూత ఎత్తి చూపించమంటే, అది కంపెనీవాళ్ళే తెరవాలి మామ్మా అన్నాడు. ఇప్పుడు రోడ్డుమధ్య ఆగిపోయే బండ్లు తక్కువ, మంచిదే. వాటి కడుపులో ఏముందో తెలిసినవాళ్ళూ తక్కువే. బండి బయలుదేరుతుంటే ఉండబట్టలేక, "ముసలోడు కదిలేడా?" అన్నాను. ఏ ముసలోడు అని వాడు వెనక్కి తిరిగి చూశాడు.

ఆ మాటకు నవ్వేవాళ్ళలో ఇక మిగిలింది నేనొక్కదాన్నే.