హంసపిల్లకు పాలు పోసిన రోజు

కాజిల్‌బార్ అనే ఈ ఐరిష్ ఊళ్ళో మా ఇంటి కప్పు మీదుగా పొద్దున్నే ఒక హంసల జంట ఎగిరిపోతుంది. అవి అరవవు, రెక్కలే మోగుతాయి, ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు. ఆ చప్పుడు వినగానే నా చేతిలో పని ఆగిపోతుంది. విమలా ఆంటీ పోయి రెండేళ్ళయినా, నేను తప్పు చేసి ఆవిడ గుమ్మం ముందు నిలబడినట్టే ఉంటుంది.

ఎనిమిదేళ్ళ కిందట, ఇక్కడే ఇంకో ఊరు స్లైగోలో నేను కొత్తగా జూనియర్ డాక్టరుగా చేరినప్పుడు ఆవిడ మా పక్కింటివారు. ఒంగోలు మనిషి, మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. సాయంత్రాలు నది గట్టున నడుస్తూ నన్నూ తీసుకెళ్ళేవారు. నేను హంసలకు బ్రెడ్ విసిరితే ఊరుకునేవారు కాదు. "వాటి తిండి వాటికుంది. చేతులు వెనక్కి పెట్టుకుని చూడు" అనేవారు. పిల్లల వార్డులో పనిచేసే నాకే చెబుతారా అని ఒళ్ళు మండేది.

ఆ మే నెలలో హంస గుడ్లు పొదిగి ఐదు పిల్లల్ని చేసింది. తల్లి మెడ ముంచి అడుగునున్న గడ్డి పీకి పైకి తేలుస్తుంటే పిల్లలు ఏరుకు తినేవి. ఒకటి మాత్రం ఎప్పుడూ వెనకే. తల్లి దాని నోట్లో ఒక్క ముక్క పెట్టిన పాపాన పోలేదు. మన ఇళ్ళలో ఏడేళ్ళొచ్చినా గోరుముద్దలు మానం, ఇదేం తల్లి అని ఉడికిపోయేదాన్ని. ఒక శనివారం ఆంటీ నడకకు రాలేదు. ఆ పిల్ల ఒడ్డున గడ్డిలో ఒంటరిగా ముడుచుకుని ఉంది, మిగతావన్నీ దూరంగా మేస్తున్నాయి. వదిలేశాయనుకుని చున్నీలో చుట్టి ఇంటికి తెచ్చేశాను.

బాయిలర్ పక్కన వెచ్చగా ఉండే బట్టల అరను ఇక్కడ హాట్ ప్రెస్ అంటారు. అందులో తువ్వాలు పరిచి కూర్చోబెట్టి పళ్ళెంలో పాలు పోశాను. నవ్వకండి. హంస పాలనూ నీళ్ళనూ వేరుచేస్తుందని ఊహ తెలిసినప్పటినుంచీ విన్నదాన్ని. నా ఎంబీబీఎస్ ఆ పూట ఎక్కడికి పోయిందో! అది తాగకపోతే ముక్కు తెరిచి డ్రాపర్‌తో పోశాను. తుమ్మింది, మెడ వాల్చేసింది. దాన్ని ఎత్తుకుని వెళ్ళి ఆంటీ తలుపు బాదాను.

ఆవిడ పిల్లను చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి విన్నారు.

"తెచ్చి ఎంతసేపయింది?"

"గంటన్నర."

"ఇన్ని చదువులు చదివి పాలు పోశావా తల్లీ? గార్డ్స్ చూస్తే ముందు నిన్ను తీసుకుపోతారు" అన్నారు. ఇక్కడ పోలీసులను గార్డ్స్ అంటారు; అడవి హంసను పట్టుకోవడం నేరం.

"వాళ్ళమ్మ దానికి తిండి పెట్టట్లేదు ఆంటీ."

"నోట్లో పెట్టదు. పైకి తెస్తుంది, తినడం పిల్ల పని. అలిసిపోతే ఒడ్డున కునుకు తీస్తుంది. నడు, అవి దూరం పోకముందే."

గట్టు దగ్గర మగహంస ఒక్కటే తిరుగుతోంది, రెక్కలు వీపు మీదికి లేపుకుని. మమ్మల్ని చూసి నీళ్ళు చిమ్ముకుంటూ దూసుకొచ్చింది. నేను వెనక్కి తిరగబోయాను. "వీపు చూపించకు. వంగి నీళ్ళలో వదులు" అన్నారు ఆంటీ. వదిలాను. పిల్ల పక్కకు ఒరిగింది. చెయ్యి చాపబోతే ఆంటీ నా మణికట్టు పట్టుకున్నారు.

"మునిగిపోతుంది ఆంటీ."

"ఆగమన్నానా."

మగహంస బుసకొడుతూ మాకూ పిల్లకూ మధ్య అడ్డంగా నిలబడింది. పిల్ల సన్నగా కీచుమంది. వంతెన వైపు నుంచి తల్లి వచ్చింది, నాలుగు పిల్లలూ వెనకే. మా పిల్ల రెండుసార్లు జారి, మూడోసారి తల్లి వీపు మీదికెక్కి రెక్కల్లో దూరింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

వారం తిరిగేసరికి నాలుగే మిగిలాయి. "పోయింది అదేనా ఆంటీ?" అని అడిగాను. కాదంటే చాలనిపించింది.

"ఇక్కడివాళ్ళలా గ్రాండ్‌గా ఉంది, బాగానే ఉంది అని చెప్పమంటావా? చెప్పలేను. నీ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయుండొచ్చు, నక్క ఎత్తుకుపోయుండొచ్చు. నాకు తెలీదు. కానీ గంటన్నరకే వచ్చి నా తలుపు కొట్టావు. మన వృత్తిలో అది చెయ్యలేకే చాలామంది చెడిపోతారు."

పోయిన నెల ఒక చిన్నబాబుకు మందు మోతాదు ఎక్కువ రాశాను. మందు వెయ్యకముందే నేనే చూసుకుని దిద్దాను. ఎవరికీ తెలియదు. ఆ తప్పు రాసిన చీటీ మడిచి జేబులో పెట్టుకోబోయి, వెళ్ళి వాళ్ళమ్మకు చెప్పాను. ఆవిడ నన్ను ముఖం మీదే కడిగేసింది. తలొంచుకుని అంతా విన్నాను.