ఎక్కడన్న ఒత్తుతున్నదా?

మా పెద్దబాపు పోయాడు. పోయిన వారం పొద్దున్నే కోరుట్ల నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పెద్దబాపు పోయిండక్కా. చాయ తాగి మంచంల ఒరిగిండు, మళ్ల లేవలె" అన్నాడు. సిరిసిల్లలో మా వంటింట్లో నిలబడి ఉన్నాను. ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఆయన మా బాపుకు అన్న. బాపు నా చిన్నప్పుడే పోతే, భయమేసినప్పుడల్లా నేను ఆయన వెనకే దాక్కున్నాను. పుట్టు పిరికిదాన్ని నేను. పిడుగన్నా, కుక్కలన్నా, ఆస్పత్రి వాసనన్నా వణుకే. చనిపోయినవాళ్ల దగ్గరికి ఇప్పటిదాకా ఒక్కసారీ వెళ్లలేదు. ఇప్పుడు వెళ్లాల్సింది ఆయన దగ్గరికే.

ఆయన గురించి చెప్పాలంటే మంచుతో మొదలుపెట్టాలి. మా వైపు చాలామంది మగవాళ్లలాగే ఆయనా దుబాయి పోయాడు. మొదట బిల్డింగు పని చేశాడు. నడుము పట్టేశాక ఇంకో పని దొరికింది. బయట ఎండ మండిపోతుంటే, అక్కడొక పెద్ద హాల్లో మిషన్లతో మంచు తయారుచేసి గుట్టలాగా పోస్తారట. జనం కాళ్లకు పొడుగాటి పలకలు బిగించుకుని పైనుంచి కిందికి జారతారట. ఆ పలకలకు తగిలించే బరువైన బూట్లను వచ్చినవాళ్ల కాళ్లకు తొడగడమే ఆయన పని. వాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చోవాలి, పట్టీలు బిగించాలి, "గట్టిగున్నదా? ఎక్కడన్న ఒత్తుతున్నదా?" అని అడగాలి. అక్కడ హిందీలో అడిగేవాడు, మాకు చెప్పేటప్పుడు మాత్రం మన మాటలోనే చెప్పేవాడు.

తిరిగొచ్చాక కోరుట్ల హోటల్లో ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మలేదు. "ఎడారిల మంచేందయ్యా, ఎవలన్న వింటే నవ్వుతరు" అన్నారు.

"నేను గూడ నమ్మలె. కాళ్లు కొంకర్లు పోయినంక నమ్మిన" అన్నాడాయన.

"నువ్వు జారినవా పెద్దబాపూ?" అని నేనొకసారి అడిగాను.

"ఒక్కసారి గూడ జారలె బిడ్డా. భయం" అన్నాడు. మగవాళ్లు ఆ మాట అంత తేలిగ్గా అనడం నేను ఎప్పుడూ వినలేదు. పిరికిదాన్నని నన్ను అందరూ ఆటపట్టించేవాళ్లు, ఆయన తప్ప.

ఆ హాలు గురించి అడిగితే ఆయన మంచు సంగతి చెప్పేవాడు కాదు, మనుషుల సంగతే చెప్పేవాడు. ఒకావిడ బూటు తొడిగించుకుంటూ ఆయన పేరు అడిగిందట. సాయంత్రం వెళ్లేటప్పుడు ఆ పేరు పెట్టి పిలిచి, పోయొస్తానని చెప్పిందట. ఎన్నేళ్లయినా ఆ ముచ్చట చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగేది. ఇంకొకాయన పట్టీ సరిగా పెట్టలేదని తిట్టి, కాలితో తోశాడట.

"నీకు కోపం రాలేదా?"

"అచ్చింది. తలకాయ ఎత్తి ఏదో అందామనుకున్న. గని ఆయన మోకాళ్లు నా కండ్ల ముందటనే ఉన్నయి కదా, గడగడ వణుకుతున్నయి. ఆ గుట్ట చూసి భయపడ్డడు పాపం. భయపడ్డ మనిషి ముందుగాల కోపం చేసేది బూట్లు కట్టేటోని మీదనే బిడ్డా."

ఆయనతో బయటికి వెళ్లడమంటే మాకు తలకాయనొప్పి. హోటల్లో పనిచేసేవాళ్లను ఎవరన్నా చిటికె వేసి పిలిస్తే ఊరుకునేవాడు కాదు. తిన్నాక ప్లేట్లన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టి, తీసేవాళ్ల చేతికి అందేలా బల్ల చివరికి జరిపేవాడు. జగిత్యాలలో కళ్ల ఆస్పత్రికి వెళ్తే, వరండా తుడుస్తున్న ఆవిడ పని అయ్యి నేల ఆరేదాకా గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపల మా పేరు పిలిచారు, మా వంతు పోయింది. బస్సు దిగేటప్పుడు డ్రైవర్ దాకా వెళ్లి, "పోయొస్త అన్నా, పైలం" అని జాగ్రత్త చెప్పి దిగేవాడు. వెనక దిగేవాళ్లు విసుక్కునేవాళ్లు. "ఈయనకు ఊరంత చుట్టాలే, ఇంట్ల మనమే పరాయోళ్లం" అని మా పెద్దమ్మ నవ్వేది.

ఆ అలవాటు విలువ నాకు తెలిసిన రోజు ఒకటుంది.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. రోడ్ల మీద వంటావార్పులు, రాస్తారోకోలు. పెద్దబాపు కూడా టెంట్లలో కూర్చుని జై తెలంగాణ అన్నవాడే. ఉద్యమం మాదే, భయమూ మాదే. నాకప్పుడు ఏడో నెల. అంతకుముందు ఒక కడుపు నిలవలేదు. అందుకని తొమ్మిదో నెలదాకా ఆగకుండా పురిటికి తీసుకుపోదామని పెద్దబాపు సిరిసిల్ల వచ్చాడు. మేం బయల్దేరిన రోజు బంద్ లేదు. వేములవాడ దాటాక ఎక్కడి నుంచో ఏదో వార్త వచ్చిందట, ఊళ్లన్నీ అప్పటికప్పుడు రోడ్డెక్కాయి. మాకది తెలియదు. రుద్రంగి దగ్గర గుట్టల మధ్య మలుపు తిరగ్గానే ఎదురుగా టైర్లు తగలబడుతున్నాయి. నల్లటి పొగ. ఆ పొగలోంచి ఒక రాయి వచ్చి ముందు అద్దానికి తగిలింది.

అద్దం మొత్తం డ్రైవర్ ఒళ్లోకి కురిసింది. బస్సు ఆగింది. ఒక్కసారిగా అందరూ అరుపులు. రాయి వేసినవాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. అందరూ డ్రైవర్ మీద పడ్డారు. "తిప్పవయ్యా ఎనుకకు!" అని ఒకరు. "ఎట్ల తీసుకచ్చినవ్‌రా గిటు, కండ్లు దొబ్బినయా?" అని ఇంకొకరు. ఒకాయన లేచి వెళ్లి అతని కాలర్ పట్టుకున్నాడు. నేను రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాను. అప్పటిదాకా తన్నుతున్న బిడ్డ కదలడం మానేసింది. "పెద్దబాపూ, కదులుతలేదు" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి నా చేతికంటే చల్లగా ఉంది. ఆయనా వణుకుతున్నాడు.

వణుకుతూనే లేచాడు. ఆయన కూడా డ్రైవర్‌ను తిట్టడానికే వెళ్తున్నాడనుకుని కాలర్ పట్టుకున్నాయన చోటిచ్చాడు. పెద్దబాపు గాజుపెంకుల మధ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. డ్రైవర్ చెప్పులు విడిచి బండి నడుపుతున్నాడట. కాళ్ల చుట్టూ అంతా గాజే. కాలు కదిపితే కోసుకుపోతుంది, కదపకపోతే బస్సు కదలదు. ఈ సంగతి మాలో ఎవరమూ చూడలేదు. పెద్దబాపు భుజం మీది తువాలతో అతని పాదాలు తుడిచాడు. చెప్పులు దులిపి, ఒక్కొక్కటే తొడిగి, పట్టీ పెట్టాడు. తర్వాత తలెత్తి అడిగాడు.

"గట్టిగున్నదా అన్నా? ఎక్కడన్న ఒత్తుతున్నదా?"

అంత పెద్ద మనిషి, ఆ డ్రైవర్, స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు. బస్సులో అరుపులు ఆగిపోయాయి. కాలర్ పట్టుకున్నాయన తన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

అప్పుడు తలుపు దగ్గరికి కర్రలతో పిల్లలొచ్చారు. కాలేజీ వయసువాళ్లే. ముందున్నవాడు ఎక్కి, ఏడుస్తున్న డ్రైవర్‌ను చూశాడు, కింద కూర్చున్న ముసలాయనను చూశాడు, నన్ను చూశాడు. పెద్దబాపు లేవలేదు. "తమ్మీ, మీరు గూడ పొద్దుగాల సంది తిన్నట్టు లేదు. అడ్డం తియ్యుమని అంటలేను. గా పిల్లకు ఏడో నెల, జర గాలాడే దిక్కు బండి పెట్టుకోనియ్యుండ్రి" అన్నాడు. ఆ పిల్లాడి చేతిలో కర్ర వణకడం నేను చూశాను. వాడికీ భయమేనని అప్పుడే అర్థమైంది. "అక్కకు నీళ్లు తెండ్రిరా" అని వెనక్కి తిరిగి కేకేశాడు. చాలాసేపటికి వాళ్లే టైర్లు పక్కకు లాగి దారి ఇచ్చారు.

ముందు అద్దం లేని బస్సు మెల్లగా కదిలింది. గాలి ముఖాలకు కొడుతోంది. నా ప్రాణమంతా పొట్ట మీద పెట్టిన అరచేతిలోనే ఉంది. కథలాపూర్ దాటాక లోపల చిన్నగా కదిలింది. నేను చెప్పక్కర్లేకపోయింది, నా ముఖం చూసి పెద్దబాపు అటు తిరిగి తువాలతో కళ్లు తుడుచుకున్నాడు. దాంట్లో గాజుముక్కలుంటాయని భయపడి లాగేసుకున్నాను. కోరుట్లలో దిగేటప్పుడు ఆయన డ్రైవర్ దాకా వెళ్లేసరికి, దిగేవాళ్లంతా ఆయన వెనక లైను కట్టారు. కాలర్ పట్టుకున్నాయన కూడా అందులో ఉన్నాడు. ఆ రోజు ఎవరూ విసుక్కోలేదు.

ఆ కదిలిన బిడ్డే ఈసారి బస్సులో నా పక్కన కూర్చుంది. పోయిన వారం అదే దారిలో, అదే మలుపు మీదుగా వెళ్లాం. దారి పొడుగునా నాకు ఒకటే భయం, ఆయన ముఖం ఎలా చూడాలని.

ఇంటికి చేరేసరికి ఆయనను వాకిట్లో పడుకోబెట్టారు. కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టాలని ఎవరో అన్నారు. పెద్దమ్మ దారం పట్టుకుని చుట్టూ చూసి, "నువ్వు కట్టు బిడ్డా" అని నా చేతిలో పెట్టింది. నా మోకాళ్లు గడగడలాడాయి. అయినా కూర్చున్నాను. మంచులో నిలబడి నిలబడి పగిలిన మడమలు అవి. పట్టుకుంటే, ఆ రోజు బస్సులో ఆయన చెయ్యి ఉన్నంత చల్లగా ఉన్నాయి. దారం చుట్టి ముడి వేశాను. నాకు తెలియకుండానే మాట బయటికి వచ్చేసింది.

"ఎక్కడన్న ఒత్తుతున్నదా, పెద్దబాపూ?"

చుట్టూ ఉన్నవాళ్లు ఏడుపు ఆపి నా వైపు చూశారు. నేను కాసేపు అలాగే తలెత్తి చూస్తూ కూర్చున్నాను. తర్వాత ముడి కొంచెం వదులు చేశాను.